స్పాంజి ఉతకను

క్రేనెక్కి కూర్చున్న మా ఇంటావిడకి,

ఇక్కడ నేనూ, నీ కూతురూ, కింద షాపులో బాయిలరూ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ క్రేనూ ఆ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. షాపులో నిలబడే చదివాను. చదివిందే మళ్ళీ చదువుతుంటే ఇస్త్రీ పెట్టె కింద ఎదురింటి డ్రైవరు ప్యాంటు కమురు వాసన కొట్టింది. ఇన్నేళ్ళ లాండ్రీలో నా చేతి కింద గుడ్డ మాడటం నువ్వెప్పుడైనా చూశావా? ఆ పాపం నీదే. డ్రైవరు మంచివాడు కాబట్టి సరిపోయింది. "మా ఆవిడ ఉత్తరం రాసింది" అని చెప్పగానే ఇంకేమీ అడక్కుండా మాడిన ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళయినవాడు కదా, అర్థం చేసుకున్నాడు.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను, ఒక్క ఆఖరి ప్రశ్న తప్ప. "ఒక ఏడాది పిల్లని వదిన దగ్గర ఉంచుదాం. మీకు కుదరదంటే నేనే క్రేను పని మానేసి దిగి వచ్చేస్తాను. ఏమంటారు?" అని రాశావే, ఆ ప్రశ్న. దానికి నా జవాబు తయారుగా ఉంది. ముందే చెప్పేస్తే నీకు కోపం వచ్చి మిగతా ఉత్తరం చదవవు. నీ సంగతి నాకు తెలియదా? అందుకని అది చివర్లో.

ముందు జడల సంగతి. "దాని జడలు సరిగ్గా వేస్తున్నారా, లేక పిచ్చుక గూడులా పంపిస్తున్నారా?" అని అడిగావు. మొదట్లో పిచ్చుక గూడే. ఒకటి చెవి మీదకీ, ఒకటి మెడ మీదకీ పోయేవి. ఇప్పుడు రెండూ ఒకే ఎత్తులో వస్తున్నాయి. పైగా రిబ్బన్లకి రోజూ పొద్దున్నే నేను ఇస్త్రీ చేస్తాను. ఆ రిబ్బన్ల మడత ఆ బడిలో ఏ టీచరు బట్టలకీ లేదు. వాళ్ళ లెక్కల టీచరు కూడా మన షాపుకి రావడం మొదలుపెట్టింది, దాని రిబ్బన్లు చూసే. కాబట్టి జడల విషయంలో నన్ను ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

బాయిలరు కింది గొట్టం దగ్గర కారుతోందని పోయినసారి రాశాను కదా. బాగు చేయించాను. కొత్త వాషరు వేశారు. ఇప్పుడు చుక్క కారడం లేదు, కాకపోతే వేడెక్కినప్పుడల్లా ఒక ఈల వేస్తుంది. మన గిలక్కాయ ఆ ఈలకి జవాబుగా తనూ ఈల వేస్తుంది. నోరు ఊరుకోదని నువ్వు పెట్టిన పేరు దానికి సరిగ్గా సరిపోయింది. వీధి చివర దర్జీ "మీ ఆవిడ ఆకాశంలో, నువ్వు సబ్బు నీళ్ళలో, పిల్ల ఈలల్లో, భలే సంసారమయ్యా" అని వచ్చినప్పుడల్లా అంటాడు. అననీ. అతని చొక్కా కాలరుకి గంజి కాస్త ఎక్కువ పెడుతున్నాను. మెడ రాసుకున్నప్పుడు మన సంసారం గుర్తొస్తుంది.

ఇక చేపలు.

"వదిన రాసింది, తొట్టిలో చేపలన్నీ చచ్చిపోయాయట, నిజమేనా? నాకెందుకు రాయలేదు?" అని అడిగావు. మా అక్క నీకు సగమే రాసింది. మిగతా సగం నేను రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆ తొట్టి కొన్నది నువ్వు. వెళ్ళే ముందురోజు దాన్ని రిక్షాలో తెచ్చి, "నేను వచ్చేదాకా నీకు తోడుగా ఉండటానికి దీనినిండా చేపలు. నాన్న తెస్తాడు" అని పిల్లకి మాటిచ్చి నువ్వు రైలెక్కేశావు. మాట నీది, పని నాది. నాకు చేపల గురించి ఏం తెలుసు? మరకల గురించి అడుగు, ఏ మరక దేనితో పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సరే, తొట్టిని షాపులో పాత ఇస్త్రీ బల్ల మీద, బాయిలరుకి దూరంగా, ఎండ పడని గోడ పక్కన పెట్టాను. బడి నుంచి వచ్చాక పిల్ల అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది కదా, కళ్ళెదురుగా ఉంటుందని. నీళ్ళు నింపాను. గాలి మోటారూ, దానికి తగిలించే స్పాంజీ పెట్టాను. మర్నాడే గిలక్కాయని వెంటబెట్టుకుని చేపల షాపుకి వెళ్ళాను.

సైకిళ్ళు బాగుచేసే షాపు పక్కన, చీకటి గదిలో వరసగా తొట్లు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంటుంది చూడు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఆవిడే. 

"తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది?" అంది.

"నిన్ననే పెట్టానండి."

"నీళ్ళు?"

"నిన్నటివే. శుభ్రమైన నీళ్ళు. అద్దంలా ఉన్నాయి."

"అయితే చేపలివ్వను. నెలపోయాక రండి."

నేను తెల్లబోయాను. "కొనడానికి వచ్చినవాణ్ణి పొమ్మంటే ఎలాగండీ?" అన్నాను.

"చంపడానికి నేనివ్వను" అని వలగుడ్డ ఉతుక్కోవడంలో పడిపోయింది. గిలక్కాయ మాత్రం వదల్లేదు. ఎందుకివ్వవు, నెలంటే ఎన్నాళ్ళు, చేపలు ఎందుకు చస్తాయి అని ప్రశ్నల మీద ప్రశ్నలు. ఆవిడ పిల్లకి విడమరిచి చెప్పింది, నేను పక్కన నిలబడి విన్నాను. చేప తిన్నది తిన్నట్టే నీళ్ళలో వదులుతుందట, ఆ మురికి దానికే విషమట. దాన్ని తినేసే సూక్ష్మక్రిములు స్పాంజిలో కాపురం పెట్టాలి, అవి కంటికి కనపడవు, మెల్లగా పెరుగుతాయి. అవి కుదురుకున్నాకే చేపలు. అదీ ఒకేసారి కాదు, కొన్ని వేసి ఆగాలి, మళ్ళీ కొన్ని వేసి ఆగాలి. 

వచ్చేటప్పుడు తన తొట్టిలోంచి గోధుమరంగుకి తిరిగిన స్పాంజి ముక్క ఒకటి కోసి కవర్లో వేసి ఇచ్చింది. "ఇది మీ తొట్టిలో పడెయ్యండి, తొందరగా కుదురుకుంటుంది" అంది. జిగటగా, నాచు కంపు కొడుతూ ఉంది. నేను ముక్కు మూసుకుని, చేయి చాచి పట్టుకుని ఇంటిదాకా తెచ్చాను. ఒక్కసారి సబ్బు నీళ్ళలో ముంచుదామని ఎంత అనిపించిందో నీకు చెప్పలేను. గిలక్కాయ నా చేతిలోంచి లాక్కుని తొట్టిలో పడేసింది.

ఆ నెలంతా మన షాపులో వట్టి నీళ్ళ తొట్టి. వచ్చినవాళ్ళందరూ "చేపలేవీ?" అనేవాళ్ళు. గిలక్కాయ తల ఎత్తకుండా "రాళ్ళ వెనకాల నిద్రపోతున్నాయండీ, గట్టిగా మాట్లాడకండి" అనేది. దర్జీ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వంగి వెతికాడు. ఒకరోజు "అదుగో, తోక కనపడింది" అన్నాడు కూడా. నేను నవ్వాపుకోలేక గోదాములోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత చేపలామె ముందు అరడజను జీబ్రా చేపలిచ్చింది, ఒంటి పొడవునా నీలం చారలుండేవి. అవి గుంపుగా తప్ప బతకవట. కవరుతో సహా తొట్టిలో తేలేసి, తొట్టి నీళ్ళ చల్లదనం వాటికి అలవాటయ్యాక వదలాలని చెప్పింది. గిలక్కాయ కుర్చీ లాక్కుని ఆ కవరు ముందు కూర్చుంది. దానికి అంతసేపు నోరు మూసుకోవడం వచ్చని నాకు ఆరోజే తెలిసింది. కొన్ని వారాలకి అడుగున ఇసకలో ముక్కుపెట్టి తిరిగే మీసాల చేపలు తెచ్చాం. నేను పెద్ద బంగారు చేప ఒకటి కావాలన్నాను, చూడ్డానికి నిండుగా ఉంటుందని. "మీ తొట్టెంత, దాని పొట్టెంత?" అని ఆవిడ కసురుకుంది. చివరగా ఎర్రతోక గప్పీలు. అంతే, ఇక చాలంది. ఇదంతా నీకు అప్పట్లో రాశాను.

రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "ఆదివారం వస్తున్నాను. పిల్ల సామాను సర్ది ఉంచు. మగవాడివి, షాపు చూసుకుంటావా, ఆడపిల్లని చూసుకుంటావా? నా దగ్గరుంటే చదువూ, క్రమశిక్షణా వస్తాయి." అక్క సంగతి తెలుసు కదా, హాస్టల్ వార్డెను. రెండొందలమంది ఆడపిల్లల్ని ఒక్క గంట మీద లేపి, ఒక్క గంట మీద పడుకోబెడుతుంది. నేనూ ఆ గంట మీద పెరిగినవాణ్ణే. పిల్లని పంపనని చెప్పాలనే ఉంది. చెప్పాలంటే ముందు ఇల్లు చూసి అక్క వంక పెట్టకుండా ఉండాలి కదా. శనివారం షాపు మూసేసి శుభ్రం చేయడం మొదలుపెట్టాను.

మెట్లు కడిగాను. కిటికీలు తుడిచాను. పరదాలు ఉతికి ఇస్త్రీ చేసి వేలాడదీశాను. గిలక్కాయ చెవులు తోమితే అది అరిచి గోల చేసి స్నేహితురాలి ఇంటికి పారిపోయింది. అప్పుడు నా చూపు తొట్టి మీద పడింది. అద్దానికి లోపల పచ్చటి పొర, మూలన ఆ స్పాంజి ముదురు గోధుమరంగులో జిడ్డు కారుతూ ఉంది. లాండ్రీవాడి షాపులో, అక్క కూర్చునే కుర్చీకి ఎదురుగా, అంత మురికి ముద్ద!

చేపలామె చెప్పింది నాకు గుర్తుంది. స్పాంజికి సబ్బు తగలకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి ముంచి పెట్టాలి. కుళాయి నీళ్ళు క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవ ఉంచి పొయ్యాలి, అదీ కాస్త తీసి కాస్త. అన్నీ గుర్తున్నాయి. అయినా ఆ మరక నన్ను పిలిచింది. ఇంకెవరికీ ఇది అర్థం కాదు, నీకవుతుంది. బకెట్లో మరిగే నీళ్ళు పోసి, సోడా వేసి, స్పాంజిని నానబెట్టి రాయి మీద రుద్దాను. నల్లటి నీళ్ళు వచ్చాయి, తర్వాత గోధుమ నీళ్ళు, తర్వాత తేట నీళ్ళు. కొత్త స్పాంజిలా తెల్లగా తేలింది. నేను ఈల కూడా వేశాను. తర్వాత చేపల్ని నీళ్ళ బేసిన్లోకి తీసి, తొట్టి నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు ఉడకబెట్టి, అద్దాలు తోమి, కుళాయికి గొట్టం తగిలించి నింపేశాను. తొట్టి పెళ్ళికొడుకు చొక్కాలా మెరిసిపోయింది.

గిలక్కాయ తిరిగొచ్చి తొట్టి చూసింది. "నాన్నా, స్పాంజి తెల్లగా ఉందేంటి?" అంది. "ఉతికాను" అన్నాను గర్వంగా. అది ఏమీ అనలేదు. గిలక్కాయ ఏమీ అనకపోవడమంటే ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున నేను కిందికి దిగేసరికి చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలుతున్నాయి. ఎర్రతోకలన్నీ పోయాయి. అప్పుడే షాపు తలుపు తోసుకుని, చేతిలో గొడుగుతో అక్క లోపలికి వచ్చింది. తొట్టిని చూసింది. నన్ను చూసింది. నేను చేతిలో టీ జల్లెడ పట్టుకుని, ఏ చేపని తియ్యాలో తెలియక నిలబడి ఉన్నాను.

"నాలుగు చేపల్ని బతికించలేనివాడివి, ఆడపిల్లని పెంచుతావట్రా?" అంది.

నేనేం జవాబిచ్చానో కాసేపాగి చెబుతాను.

ముందు నీ ఇంకో ప్రశ్నకి జవాబు. నీ చలికోటు ఇంట్లోనే ఉందా అని అడిగావు. ఉంది. దాని లోపలి గుడ్డ చిరిగితే దర్జీ చేత వేయించాను, నేనే ఆవిరి పట్టి ఇస్త్రీ చేశాను. ఈ వారమే పార్సిల్ వేస్తాను. పైన క్రేను గదిలో గాలి ఈడ్చి కొడుతుందని రాశావు, గుండీలన్నీ పెట్టుకో. పై గుండీ బిగుతుగా ఉంటుందని వదిలెయ్యకు. ఎడం జేబులో గిలక్కాయ ఏదో పెట్టింది, నన్ను చూడొద్దంది, చూడలేదు.

సరే. ఇక తప్పించుకోను.

అక్క ఆ మాట అన్నప్పుడు నేను "నిజమే అక్కా" అన్నాను. "నువ్వే తీసుకెళ్ళు" అన్నాను. ఇది నీకు అక్క రాయలేదు, రాసే అవసరం ఆవిడకి లేదు. నేనే చెబుతున్నాను. పైకెళ్ళి గిలక్కాయ బట్టలన్నీ నా చేత్తోనే మడిచి సంచిలో పెట్టాను. రిబ్బన్లు పెట్టాను. సంచి మూసేశాను. అంత చక్కగా సర్దిన సంచి నువ్వు చూసి ఉండవు. ఒక్కో గౌను మడుస్తుంటే నాకు కళ్ళు కనిపించలేదు, కానీ మడత తప్పలేదు.

కిందికి వస్తే గిలక్కాయ నేల మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ బట్టల మీద చిలకరించడానికి బల్ల పక్కన బకెట్లో నీళ్ళు నిలవ ఉంచుతాం కదా, అది ముందు పెట్టుకుని ఉంది. నేను పైన మడతలు పెడుతున్నంతసేపూ అది టీ వడపోసే జల్లెడతో, ఇంకా కదులుతున్న చేపల్ని ఒక్కొక్కటిగా ఆ నిలవ నీళ్ళలోకి మార్చింది. గాలి మోటారు పీకి అందులో పెట్టింది. ఎవరూ చెప్పలేదు. నాలుగు జీబ్రా చేపలూ, ఒక మీసాల చేపా బకెట్లో అడ్డదిడ్డంగా తిరుగుతున్నాయి.

అక్క "పద, బస్సుకి టైమైంది" అంది. గిలక్కాయ లేచింది. ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుని నా దగ్గరికొచ్చి, ఆ బకెట్టు రెండు చేతులా ఎత్తి నాకు అందించింది.

"నాన్నా, కుళాయి నీళ్ళు పొయ్యకు. స్పాంజి ఉతక్కు. మేత చిటికెడే వెయ్యి. నువ్వు ఎక్కువేస్తావు. నీకు గుర్తుండదు, గోడ మీద రాసిపెట్టనా?" అంది.

అచ్చం నీ గొంతే.

నేను బకెట్టు పట్టుకుని నిలబడిపోయాను. చచ్చిన చేపలు ఇంకా పక్కనే కాగితం మీద ఉన్నాయి. వాటిని చంపింది ఎవరో ఆ పిల్లకి తెలుసు. తెలిసి, మిగిలిన వాటిని తెచ్చి నా చేతిలోనే పెట్టింది. వాళ్ళత్త చేతిలో పెట్టలేదు, చేపలామెకి ఇచ్చిరా అనలేదు. ఇక నుంచి సరిగ్గా చూస్తానని దానికి నమ్మకం. నాకు లేని నమ్మకం దానికెక్కడిదే?

బకెట్టు కింద పెట్టి, దాని భుజం మీంచి సంచి తీసేశాను.

"అక్కా, పిల్ల రాదు" అన్నాను.

"ఇప్పుడే కదరా తీసుకెళ్ళమన్నావు!"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

అక్కకి ముక్కు మీద కోపం. గొడుగు నేలకేసి కొట్టింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నిన్ను పెంచినదాన్నిరా నేను! అమ్మ పోయినప్పుడు నీకు ఐదేళ్ళు. నాన్న లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే నీ ముడ్డి కడిగింది ఎవరు?"

"నువ్వే. నీకప్పుడు పదహారు. వంట వచ్చా నీకు? పొయ్యి మీద పెట్టిన ప్రతిదీ మాడేది. నా తెల్ల చొక్కాలన్నీ నీ ఎర్ర దుప్పటితో కలిపి ఉతికి, ఏడాదంతా నన్ను గులాబీరంగులో బడికి పంపావు. బడంతా నవ్వింది. నేను లాండ్రీ ఎందుకు పెట్టాననుకుంటున్నావు?"

అక్క కుర్చీలో కూర్చుంది.

"మామయ్య వచ్చాడు గుర్తుందా? 'పసిపిల్లాణ్ణి నువ్వేం పెంచుతావే, నీకే ఒకరు కావాలి, వాణ్ణి నాతో పంపు' అన్నాడు. అప్పుడు గరిటె పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడింది ఎవరక్కా? 'మాడిందే తింటాడు, నా దగ్గరే ఉంటాడు' అన్నది ఎవరు? మామయ్య అంత చెడ్డవాడా? వాళ్ళింట్లో నాకు మంచి తిండి దొరికేది. మంచి చొక్కాలు దొరికేవి. అయినా నువ్వు పంపలేదు. నేను నీ చేతి కింద పెరిగినవాణ్ణి. నేను మాత్రం ఎలా పంపిస్తాను?"

అంత గట్టిగా నేను అక్క ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. బయట దర్జీ, డ్రైవరు కూడా ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

అక్క వంగి బకెట్టులోకి చూసింది. తర్వాత, "గుమ్మంలో నిలబడటం ఒక్క పూట పనిరా. తర్వాత రోజూ వండాలి" అంది.

"వండుతున్నానక్కా."

"ఉప్పెక్కువ వేస్తావు."

"నీ దగ్గర నేర్చుకున్నదే."

టీ పెడతానంటే వద్దంది. గిలక్కాయ తల మీద చెయ్యి వేసి, జడలు రెండూ పట్టుకుని ఎత్తు సరిచూసింది, రిబ్బను వేళ్ళతో తడిమింది. నాతో మాత్రం మాట్లాడలేదు. "ఇక నీ గడప తొక్కను" అని వెళ్ళిపోయింది. ఆవిడ బస్సెక్కాక చూస్తే గొడుగు కుర్చీకి తగిలించి ఉంది. అక్క జన్మలో దేన్నీ మర్చిపోయిన మనిషి కాదు. ఆ గొడుగు పోస్టులో పంపను. కావాలంటే వచ్చి తీసుకుంటుంది.

ఇదీ జరిగింది. నీకు ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది కదా. రాస్తే పరుగెత్తుకొస్తావని. పోయిన ఉత్తరంలో "చేపలు బాగున్నాయి" అని రాశాను. బతికున్నవి బాగానే ఉన్నాయి, కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. మొహం మాడ్చుకోకు.

మర్నాడు మేమిద్దరం చేపలామె దగ్గరికి వెళ్ళాం. జరిగింది గిలక్కాయే చెప్పింది, నేను ఆవిడ రబ్బరు బూట్లు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ వింటున్నంతసేపూ నన్ను ఎగాదిగా చూసి, "సోడా వేసి ఉతికారా?" అని ఒక్కటే అడిగింది. మళ్ళీ ఇంకో స్పాంజి ముక్క కోసి ఇచ్చింది, ఈసారి నాకివ్వలేదు, పిల్లకిచ్చింది. మళ్ళీ మొదటి నుంచి ఆగడం. జీబ్రాలు నాలుగే అయితే బెంగపెట్టుకుంటాయని మొన్ననే ఇంకో రెండు ఇచ్చింది. గప్పీలు ఇప్పుడప్పుడే ఇవ్వనంది. నేను బతిమాలలేదు. ఆగుతాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఏమంటారు అని అడిగావు.

పంపను. అక్క రాసినా పంపను, నువ్వు రాసినా పంపను. నీకు కోపమొస్తే రానీ. అక్కకి అవునని రాసేసి ఉంటే మళ్ళీ కాదని రాయి. నేను మంచి తండ్రినని చెప్పడం లేదు. ఇంకా చేపలు చస్తాయేమో. దానికి జ్వరమొస్తుంది, నేను కంగారుపడతాను, మందు తప్పు చెంచాతో పోస్తాను, అది నన్ను సరిదిద్దుతుంది. లెక్కలు నాకు రావు, దర్జీని పిలుస్తాను. ఏదో ఒకటి చేస్తాను. ఈ ఇల్లు వదిలి అది మాత్రం వెళ్ళదు.

నువ్వూ దిగి రావు. నీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన మాట అదే. ఆ క్రేను కోసం నువ్వు పడ్డ పాట్లు నేను చూడలేదనుకున్నావా? ఆడమనిషికి అంత ఎత్తు దేనికని మీ మేస్త్రీ నవ్వితే, నిచ్చెనెక్కి పైకి పోయి, అతని తల మీదుగా ఇనప దూలం తిప్పి, అతని కాళ్ళ ముందే మెల్లగా దించి చూపించావు. ఆరోజు రాత్రి నువ్వు తినకుండా నవ్వుతూనే ఉన్నావు. అలాంటిదానివి చేపలు చచ్చాయని దిగి వచ్చేస్తానంటే నేను ఒప్పుకోను. పైనుంచి చూస్తే మనుషులు చేపపిల్లల్లా కనిపిస్తారని రాశావు. కనిపించనీ. నువ్వక్కడే ఉండు, ఒప్పుకున్నన్నాళ్ళూ ఉండి, తల ఎత్తుకుని రా. పైది నువ్వు చూసుకో, కిందది నేను చూసుకుంటాను.

గిలక్కాయ పక్కనే కూర్చుని గుణకారాలు చేస్తోంది. ఏం రాస్తున్నావని ఇందాకణ్ణుంచి వేధిస్తోంది. నీ ముద్దులు దానికి ఇచ్చేశాను, దానివి నీకు పంపమంది, కోటు జేబులో చూసుకో.

స్పాంజి మళ్ళీ గోధుమరంగుకి తిరుగుతోంది. రోజూ పొద్దున షాపు తెరవగానే ముందు దాన్నే చూస్తాను. జిడ్డుగా, వికారంగా, అక్క కూర్చునే కుర్చీకి ఎదురుగానే ఉంది. సోడా డబ్బా పక్కనే ఉంది, బాయిలరులో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. నా చేతులు దురద పెడుతున్నాయి.

ఉతకను.

ఇట్లు,
గిలక్కాయ వాళ్ళ నాన్న